నాలుగు డిస్కులు కొన్నం అన్నా, రెయిడ్ ఎట్ల పెట్టాలె?

వారానికి ఇద్దరు ముగ్గురన్న ఫోన్ చేసి ఇదే అడుగుతున్నరు. హన్మకొండల ఫొటో స్టూడియో తమ్ముడు, ములుగు రోడ్ల డయాగ్నస్టిక్ సెంటర్ కంప్యూటర్లు చూసుకునే అతను, ఎనుమాముల మార్కెట్ కాడ మిర్చి కమీషన్ దుకాణం సేటు, మొన్న మంచిర్యాల నుంచి ఒక స్కూల్ సారు. "నాలుగు డిస్కులు కొన్నం అన్నా, రెయిడ్ 5 పెట్టాల్నా 10 పెట్టాల్నా?" అందరికీ విడివిడిగ చెప్పి చెప్పి గొంతు పోతుంది, అందుకే ఈసారి మొత్తం రాసి పెడుతున్న, ఇగ ఎవరు అడిగినా ఇదే పంపిస్త.

ముందుగాల ఒక్క ముచ్చట. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటే పెద్ద డిస్క్ లెక్క నడిపించుడు, అది బ్యాకప్ కాదు. డిస్క్ ఒకటి పోయినా ఆఫీసు పని ఆగకుండ నడుస్తది, అంతవరకే దాని డ్యూటీ. నేను చూసుకునే ఒక స్టూడియోల మంచిగ మిర్రర్, అంటే ఒక డిస్క్ మీద రాసిందే రెండోదాని మీద గూడ పడే రెయిడ్, పెట్టి ఇచ్చిన, ఆర్నెల్లకు పిల్లగాడు ఫోల్డర్లు సదురుతా సదురుతా ఒక పెండ్లి ఫోల్డర్ మొత్తం డిలీట్ కొట్టిండు, ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా అంత పోయింది. "అన్నా రెండు డిస్కులల్ల ఉంటది అన్నవ్ కదా" అని ఫోన్. రెండిట్ల ఉండె, రెండిట్లకెళ్లి ఒకేసారి పోయింది, మిర్రర్ అంటే అదే. కెమెరా కార్డులు ఇంకా ఫార్మాట్ కొట్టలేదు కాబట్టి బతికిపోయిన్రు. వైరస్ వచ్చి ఫైళ్లన్ని లాక్ చేసినా గంతే, రెయిడ్ ఏం కాపాడది. కాబట్టి బయట ఒక బ్యాకప్ డిస్క్ కొననీకి పైసలు లేకపోతే రెయిడ్‌ల ఒక డిస్క్ తగ్గించుకోండి గని బ్యాకప్ మాత్రం మానకండి.

ఏమేం కావాలె

- సర్వర్ గని, డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఐదారు ఉన్న మంచి పీసీ గని
- ఆపరేటింగ్ సిస్టమ్ కోసం వేరే చిన్న ఎస్ఎస్‌డీ. డేటా డిస్కుల మీదనే ఓఎస్ వేస్తే తర్వాత బూట్ కాని రోజు మీరే తిట్టుకుంటరు
- ఒకే సైజు డిస్కులు నాలుగు, వీలైతే ఐదోది స్పేర్
- యూపీఎస్, దాంతోటి వచ్చే యూఎస్‌బీ కేబుల్ (చానామంది ఆ కేబుల్‌ను డబ్బాలనే పడేస్తరు, ఎతికి తీయండి)
- బ్యాకప్‌కి బయటి డిస్క్
- ఉబుంటు సర్వర్ గని డెబియన్ గని (రెండూ లినక్స్ రకాలే) వేసిన పెన్ డ్రైవ్
- మార్కర్ పెన్, తెల్ల టేపు, ఒక నోట్‌బుక్. ఇవి జోక్ కాదు, కింద చూడండి

1. ఏ లెవెల్ అనేది ఫస్ట్ తేల్చుకోండి

నాలుగు 4 టీబీ డిస్కులు ఉన్నయ్ అనుకుందాం. రెయిడ్ 0 పెడితే 16 టీబీ వస్తది, ఒక్క డిస్క్ పోతే మొత్తం పోతది. రెయిడ్ 5 అయితే 12 టీబీ, ఒక డిస్క్ పోయినా నడుస్తది. రెయిడ్ 6 అయితే 8 టీబీ, ఏ రెండు పోయినా నడుస్తది. రెయిడ్ 10 అయితే గూడ 8 టీబీనే, జంటలు జంటలుగ ఉంటయ్, ఒకటి పోతే ఏం గాదు, రెండోది పోతే అది పోయినదాని జంట కాకూడదు. అంటే మిగిలిన మూడిట్ల ఒకటి డేంజర్, రెండు ఓకే. రెండే డిస్కులుంటే రెయిడ్ 1, అంటే మిర్రరే, ఆలోచించేదే లేదు.

ఇంకోటి, 4 టీబీ డిస్క్ పెడితే విండోస్ పీసీల 3.6 చూపిస్తది, దుకాణపోడు మోసం చేసిండని లొల్లి పెట్టుకోకండి. కంపెనీ వెయ్యితోటి లెక్కపెడ్తది, విండోస్ 1024తోటి లెక్కపెడ్తది, అంతే తేడా. 8 టీబీ వాల్యూమ్ 7.3 లెక్కన కనవడ్తది.

ఇప్పుడు నా మాట. రెయిడ్ 5 పేరు అందరికి తెలుసు, ఎక్కువ జాగ వస్తది కాబట్టి అందరూ దాని మీదనే పడ్తరు. పెద్ద హార్డ్ డిస్కులతోటి నేను పెట్ట. ఎందుకంటే ఒక డిస్క్ పోయినంక కొత్తది పెడితే మిగిలిన మూడిటిని మొదలు నుంచి చివరిదాక చదివి కొత్తదాన్ని నింపాలె, దీన్నే రీబిల్డ్ అంటరు, అంటే 12 టీబీ చదువుడు. మామూలు డిస్కుల స్పెక్ షీట్ల చదవలేని తప్పు ఒకటి పక్కన 14 సున్నాలు పెడితే వచ్చేన్ని బిట్లకు ఒకటి వరకు ఉండొచ్చని రాస్తరు, లెక్కగడితే అది 12.5 టీబీ. అది కాగితం మీద లెక్క, చేతిల ఉన్న డిస్కులు చానాసార్లు దానికంటే మంచిగనే నడుస్తయ్, కాని రీబిల్డ్ టైంల ఒక్క దగ్గర చదవలేకపోయినా ఆ తప్పును సరిచేసే కాపీ అప్పుడు ఎక్కడా ఉండదు. అదీగాక ఆ టైంల డిస్కుల మీద పడే లోడ్ మామూలుగ ఉండదు, ముసలిది ఇంకోటి ఉంటే అది గూడ అప్పుడే పోతది. చిన్న ఎస్ఎస్‌డీలు అయితే, బ్యాకప్ పక్కా ఉంటే 5 పెట్టుకోండి, కాదనను.

మరి 6 ఆ 10 ఆ? మీ పనిని బట్టి. ట్యాలీ, బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టుల డేటాబేస్ ఇట్లాంటియి చిన్న చిన్న రైట్లు (డిస్క్ మీద రాసుడు) మస్తు చేస్తయ్. ఒక చిన్న రైట్‌కి రెయిడ్ 10ల రెండు పనులు, 5ల నాలుగు, 6ల ఆరు. అందుకే వీళ్లకు 10. స్టూడియో వీడియోలు, సీసీ కెమెరా రికార్డింగులు పెద్ద ఫైళ్లు, వరసగ పోతయ్, వాటికి 6 గూడ మంచిదే. సర్వర్ భూపాలపల్లిల ఉంటది, నేను వరంగల్‌ల ఉంట, వారం దాకా ఎవరూ పోయి డిస్క్ మార్చలేరు అనుకుంటే అప్పుడు గూడ 6 వైపే మొగ్గుత. 0 మాత్రం ఎడిటింగ్‌ల తాత్కాలిక ఫైళ్లకు తప్ప దేనికీ వద్దు.

2. డిస్కులు కొనేటప్పుడు

ఈడ పైసలు మిగిలించుకుందామని చూసి చానామంది మునుగుతరు. 1988ల బర్క్లీ యూనివర్సిటీలో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ ఈ రెయిడ్ మీద పేపర్ రాసినప్పుడు అండ్ల ఐ అక్షరానికి ఇనెక్స్‌పెన్సివ్ అనే అర్థం, చవక డిస్కులు అని. తర్వాత అమ్మేటోళ్లు దాన్ని ఇండిపెండెంట్ అని మార్చుకున్నరు. చవక సరే గని ఈ మూడు చూడకుండ కొనకండి:

ట్రాకులు పక్కపక్కన విడిగ ఉండే సీఎంఆర్ డిస్కే కావాలె, ఎస్ఎంఆర్ వద్దు. ఎస్ఎంఆర్‌ల ట్రాకులు ఇంటి పెంకుల లెక్క ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటయ్, ఒకటి మార్చాలంటే పక్కవి గూడ మళ్ల రాయాలె. ఊకె కాపీ చేసి పెట్టుకునే దానికి ఏం కాదు కాని రీబిల్డ్ టైంల నత్తనడక నడుస్తది, ఒక్కోసారి డిస్క్ పోయిందనుకుని సిస్టమ్ దాన్ని బయటికి తోసేస్తది. డబ్బా మీద రాసి ఉండదు, మోడల్ నంబర్ కొట్టి కంపెనీ డేటాషీట్ల చూడండి.

న్యాస్ (నెట్‌వర్క్ మీద అందరు వాడుకునే స్టోరేజ్ డబ్బా) కోసం లేదా సర్వర్ కోసం చేసిన డిస్క్ తీసుకోండి. డెస్క్‌టాప్ డిస్క్ ఒక సెక్టర్ చదవలేకపోతే నిమిషం పైన గూడ తన్లాడుతనే ఉంటది, లినక్స్ మామూలుగ 30 సెకండ్లు చూసి విసుగొచ్చి రీసెట్ కొడ్తది, ఒక్క సెక్టర్ కోసం డిస్కే బయటికి పోతది. న్యాస్ డిస్కులు 7 సెకండ్లకే "నాతోటి కాదు" అని చెప్పేస్తయ్, అప్పుడు రెయిడ్ జంట డిస్క్ నుంచి చదువుకుంటది. ఇప్పటికే డెస్క్‌టాప్ డిస్కులు కొనేసిన్రా, అయితే డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్ టూల్స్‌ల ఈఆర్‌సీ సెట్టింగ్, అంటే చదవలేకపోతే ఎంతసేపు తన్లాడాల్నో చెప్పేది, 7 సెకండ్లు పెట్టి చూడండి, ఒప్పుకోకపోతే లినక్స్ టైమౌట్‌ను 180 సెకండ్లకు పెంచండి. ఈ రెండూ కరెంటు పోయొస్తే మళ్ల మొదటికే వస్తయ్, బూట్ అయినప్పుడల్లా నడిచేటట్టు స్క్రిప్ట్ పెట్టుకోవాలె.

నాలుగూ ఒకే డబ్బాలకెళ్లి ఒకే రోజు తయారైనవి తీసుకోకండి. ఒకే బ్యాచ్, ఒకే వేడి, ఒకే లోడ్, పోయేటప్పుడు గూడ వెంటవెంటనే పోతయ్. నేనైతే రెండు ఈడ హన్మకొండల, రెండు సికింద్రాబాద్ సీటీసీల తీసుకుంట. బస్సుల తెచ్చుకుంటే ఒళ్లె పెట్టుకొని తెచ్చుకోండి, డిక్కీల వేస్తే జనగామ దాటేసరికి ఎన్ని దెబ్బలు తింటదో మీకు తెలుసు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి, వారంటీ ఇంకా ఎన్నాళ్లుందో కంపెనీ సైట్ల చూడండి, పాత డిస్కులకు నడిచిన గంటలు సున్నా చేసి కొత్తవని అమ్మేటోళ్లు గూడ ఉన్నరు.

3. కార్డా, లినక్సా?

మదర్‌బోర్డ్ బయోస్‌ల రెయిడ్ అని ఒక ఆప్షన్ ఉంటది, దాని జోలికి పోకండి. పని మొత్తం డ్రైవరే చేస్తది, బోర్డు కాలితే అదే రకం బోర్డు కోసం తిరగాలె.

నిజమైన రెయిడ్ కార్డు, అంటే డెల్ పెర్క్, హెచ్‌పీ స్మార్ట్ అర్రే, మెగారెయిడ్ లాంటిది మీ సర్వర్‌ల ముందే ఉంటే వాడుకోండి, కాని దాని బ్యాటరీ బతికుందో లేదో చూడండి. పాత సర్వర్లు కొంటే సగానికి సగం బ్యాటరీ చచ్చే ఉంటది. బ్యాటరీ లేకుండ రైట్ బ్యాక్ క్యాష్ (ముందు కార్డు మెమరీల పెట్టుకొని తర్వాత డిస్క్ మీద రాసుడు) బలవంతంగ ఆన్ చేస్తే స్పీడ్ మస్తు వస్తది, కరెంటు పోయిన్నాడు క్యాష్‌ల ఉన్న డేటా గాలికి పోతది. బ్యాటరీ లేకపోతే రైట్ త్రూలనే, అంటే నేరుగ డిస్క్ మీదనే రాసేటట్టు, ఉంచండి.

అట్లాంటి కార్డు లేకపోతే, మాలాంటి చిన్న ఆఫీసులు చానా అంతే, లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడే బెస్ట్. సర్వర్ కాలిపోయినా డిస్కులు తీస్కపోయి ఇంకో లినక్స్ పీసీకి తగిలిస్తే లేచి కూసుంటది. కింద స్టెప్పులన్ని దానికే. జెడ్‌ఎఫ్‌ఎస్ (రెయిడ్ పని గూడ తనే చేసుకునే ఫైల్ సిస్టమ్) తెలిసినోళ్లు మిర్రర్ జంటలు పెట్టుకోండి, అది ఫైల్ లోపల చెడిపోయినా చెక్‌సమ్‌తోటి పట్టుకుంటది, ఇంకా మంచిది, కాని దాన్ని రెయిడ్ కార్డు మీద వేయకండి, డిస్కులను నేరుగ ఇయ్యాలె. విండోసే కావాలంటే స్టోరేజ్ స్పేసెస్‌ల మిర్రర్ పెట్టండి, పారిటీ (రెయిడ్ 5, 6ల లెక్క పోయిన డేటాను లెక్కగట్టి తీసే పద్ధతి) పెడితే రైట్లు బాగ నెమ్మదైతయ్.

4. డిస్కులకు పరీక్ష, పేరు

కొత్త డిస్క్ అంటే మంచి డిస్క్ అని కాదు. ఒక్కోదానికి స్మార్ట్ లాంగ్ టెస్ట్ పెట్టండి, 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడ్తది, సాయంత్రం పెట్టి ఇంటికి పోండి. తెల్లారి మూడు నంబర్లు చూడండి: 5 అంటే రీఅలొకేటెడ్ సెక్టర్లు, 197 అంటే పెండింగ్, 198 అంటే సరిచేయలేనివి. కొత్త డిస్క్‌ల ఇవి సున్నా ఉండాలె, ఒక్కటున్నా వాపస్ ఇచ్చేయండి. ఓపికున్నోళ్లు బ్యాడ్‌బ్లాక్స్ రైట్ టెస్ట్ గూడ పెట్టుకోవచ్చు, రెండు మూడు రోజులు పడ్తది, డిస్క్‌ల ఉన్నదంత తుడిచేస్తది, కొత్తవాటికి మాత్రమే.

ఇప్పుడు ఆ మార్కర్, టేపు తీయండి. ఒక్కో డిస్క్ సీరియల్ నంబర్‌ల చివరి నాలుగు అక్షరాలు టేపు మీద రాసి, బయటికి కనవడేటట్టు ట్రే ముందర అంటించండి. నోట్‌బుక్‌ల గూడ రాయండి: పై నుంచి ఒకటో స్లాట్ ఫలానా సీరియల్, ఫలానా దుకాణం, ఫలానా తారీఖు. ఇది ఎందుకో పదో స్టెప్పుల తెలుస్తది.

5. పార్టిషన్

ఈడికెళ్లి కమాండ్లు అక్షరం అక్షరం రాస్తలేను, ఏ ఆప్షన్ ఏం పని చేస్తదో చెప్తున్న, మాన్ పేజీ (ఆ కమాండ్ వివరాల పేజీ) పక్కన తెరిచి పెట్టుకొని మీరే టైప్ చేయండి. కావాలనే అట్ల చేస్తున్న, ఎవరో రాసింది కాపీ పేస్ట్ కొట్టి డేటా ఉన్న డిస్క్ తుడిచేసుకున్నోళ్లను ఇద్దరిని చూసిన.

ప్రతి డిస్క్ మీద జీపీటీ టేబుల్ వేయండి, 2 టీబీ దాటిన డిస్కుకు పాత ఎంబీఆర్ పనికిరాదు. ఒకటే పార్టిషన్, టైప్ లినక్స్ రెయిడ్, చివర ఒక 100 ఎంబీ ఖాళీ వదలండి. రెండేండ్లకు ఇంకో కంపెనీ 4 టీబీ తెస్తే అది నాలుగు సెక్టర్లు తక్కువుంటే చాలు, "డిస్క్ చిన్నగుంది" అని తీసుకోదు. ఆ 100 ఎంబీ అందుకే.

6. అర్రే తయారు చేసుడు

అర్రే అంటే కలిపి నడిపే డిస్కుల గుంపు. దానికి లినక్స్ల ఎండీఆడమ్ అనే టూల్ వేసుకోండి. క్రియేట్ ఆప్షన్, అర్రే పేరు ఎండీ0, లెవెల్ 10, రెయిడ్ డివైసెస్ 4, తర్వాత నాలుగు పార్టిషన్ల పేర్లు. ఆ పేర్లు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని ఇవ్వకండి, రీబూట్ అయితే ఆ అక్షరాలు తారుమారు అయితయ్. డెవ్ ఫోల్డర్ల డిస్క్, దాంట్ల బై-ఐడీ అని ఉంటది, అండ్ల మోడల్, సీరియల్‌తోటి పేర్లుంటయ్, ట్రే మీద టేపుతోటి సరిచూసుకుంటా అవి ఇవ్వండి. ఎంటర్ కొట్టే ముందు ఒకసారి గట్టిగ చదవండి. నేను ఇప్పటికీ చదువుత.

చంక్ సైజు (ఒక్కో డిస్క్ మీద పడే డేటా ముక్క సైజు) దానిష్టానికే వదిలేయండి. ఐదో డిస్క్ ఉంటే దాన్ని స్పేర్‌గ కలపండి, అర్ధరాత్రి డిస్క్ పోయినా మీరు లేచేసరికి రీబిల్డ్ మొదలై ఉంటది. బిట్‌మ్యాప్ ఇంటర్నల్ అని డీటెయిల్‌ల కనవడుతుందా చూడండి, లేకపోతే పెట్టండి. అది ఎక్కడెక్కడ రాస్తున్నదో గుర్తు పెట్టుకునే పట్టిక, కరెంటు సడెన్‌గ పోయొస్తే మొత్తం కాకుండ మారిన భాగాలే సింక్ అయితయ్, మన దగ్గర ఎండకాలం దీని విలువ తెలుస్తది.

7. సింక్ అయ్యేదాక ఆగండి

ప్రాక్ ఫోల్డర్ల ఎండీస్టాట్ ఫైల్ చూస్తే పర్సెంటేజ్ కనవడ్తది. సెకనుకు 150 ఎంబీ లెక్కన 4 టీబీకి ఏడున్నర గంటలు, అసలుకు ఇంకా ఎక్కువే పడ్తది ఎందుకంటే డిస్క్ లోపలి ట్రాకులు నెమ్మది. ఈ లోపు వాడుకోవచ్చు గని నా మాట వినండి, మొదటిసారి ఆగండి. అయిపోయినంక అదే ఫైల్ల యూ అనే ఇంగ్లిష్ అక్షరం నాలుగుసార్లు వరసగ కనవడాలె, ఒక్కో డిస్కుకు ఒకటి. ఒక యూ జాగల అండర్‌స్కోర్ ఉంటే ఆ డిస్క్ లేనట్టు.

8. ఫైల్ సిస్టమ్, మౌంట్, రీబూట్

ఈఎక్స్‌టీ4 గని, ఎక్స్‌ఎఫ్‌ఎస్ గని, మీ ఇష్టం, పెద్ద వీడియోలుంటే నేను ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేస్త. తర్వాత ఈ మూడు పనులు, వరసగ:

ఎండీఆడమ్ డీటెయిల్ స్కాన్ ఇచ్చే లైన్‌ను దాని కాన్ఫిగ్ ఫైల్ల కలపండి. వెంటనే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్ల లోడ్ అయ్యే చిన్న సిస్టమ్) అప్‌డేట్ చేయండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ల యూయూఐడీతోటి మౌంట్ లైన్ (బూట్ అయినప్పుడు అర్రేను ఏ ఫోల్డర్‌కు తగిలించాల్నో చెప్పేది) రాయండి, నోఫెయిల్ పెట్టండి. మొదటి రెండు మర్చిపోతే రీబూట్ అయినంక ఎండీ0 పోయి ఎండీ127 అని వస్తది, "అన్నా నా అర్రే మాయమైంది" అని అప్పుడు ఫోన్. మాయం కాలేదు, పేరు మారింది అంతే.

నోఫెయిల్‌తోటి ఒక తిరకాసు ఉంది, ఇది జర మంచిగ చదవండి. అర్రే లేవకపోయినా సర్వర్ బూట్ అయితది, మంచిదే, కాని మౌంట్ ఫోల్డర్ ఖాళీగ ఉంటది, మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు అది తెల్వదు, ఆ ఖాళీ ఫోల్డర్లనే, అంటే చిన్న ఎస్ఎస్‌డీ మీదనే, కొత్తగ రాసుకుంటా పోతది. ఒక దుకాణంల నాలుగు రోజులు అట్లనే నడిచింది, అర్రే మళ్ల మౌంట్ చేస్తే పాత బిల్లులున్నయ్, ఆ నాలుగు రోజులవి లేవు, ఇటువి అటు కలిపేసరికి ఒక ఆదివారం మొత్తం పోయింది. దీనికి ఉపాయం ఏందంటే, మౌంట్ చేయకముందే ఆ ఖాళీ ఫోల్డర్‌ను సీహెచ్ఏటీటీఆర్ కమాండ్‌తోటి ఇమ్మ్యూటబుల్, అంటే ఎవరూ మార్చలేనట్టు, చేయండి. అర్రే లేకపోతే దాంట్ల ఎవరూ రాయలేరు, సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇస్తది, మీకు వెంటనే తెలుస్తది.

చెక్ ఎట్ల అంటే, రీబూట్ కొట్టండి. ఒకసారి కాదు రెండుసార్లు, రెండోసారి పూర్తిగ షట్‌డౌన్ చేసి కరెంటు కేబుల్ గూడ పీకి పెట్టండి. రెండుసార్లు ఎండీ0 పేరుతోటి, అదే సైజుతోటి వస్తేనే ముందుకు పోండి.

9. పోతే మీకు ఎవరు చెప్పాలె?

రెయిడ్‌ల పెద్ద డేంజర్ ఇదే, డిస్క్ పోయినా ఎవరికీ తెల్వదు, అంత మంచిగనే నడుస్తది. కాన్ఫిగ్ ఫైల్ల మెయిల్ అడ్రస్ పెట్టండి, మానిటర్ ఆప్షన్‌కు వన్‌షాట్, టెస్ట్ అని ఇచ్చి నడిపితే ఒక ఉత్తుత్తి మెయిల్ పంపిస్తది. అది మీ ఇన్‌బాక్స్‌ల నిజంగ పడిందా చూడండి, స్పామ్‌ల గూడ చూడండి. మెయిల్ పంపుడు సెట్ కాకపోతే ప్రోగ్రామ్ అని ఇంకో లైన్ ఉంటది, దానికి టెలిగ్రామ్ మెసేజ్ పంపే చిన్న స్క్రిప్ట్ ఇవ్వండి, మావోళ్లు మెయిల్ చూసుడు తక్కువ కాబట్టి నేను ఇదే పెడుత. స్మార్ట్‌డీ గూడ ఆన్ చేయండి, అది డిస్క్ పోకముందే సెక్టర్లు పెరుగుతుంటే చెప్తది.

10. ఇప్పుడు ఒక డిస్క్ మీరే గుంజండి

ఇది చేయకుండ అసలు డేటా వేయొద్దు. మీరు చేసిన సెటప్ నడుస్తదా లేదా అనేది తెలిసేది ఈడనే.

ఒక 50 జీబీ వీడియోలు కాపీ చేసి వాటి చెక్‌సమ్ (ఫైల్ కొంచెం మారినా మారిపోయే గుర్తు నంబర్) తీసి పెట్టుకోండి. ఐదో డిస్క్ స్పేర్ పెట్టుకుంటే ఈ టెస్ట్ అయ్యేదాక దాన్ని రిమూవ్ చేయండి, లేకపోతే అది వెంటనే లోపల జొరవడ్తది. ఎండీఆడమ్‌తోటి మూడో స్లాట్ డిస్క్‌ను ఫెయిల్ అని మార్క్ చేయండి, తర్వాత రిమూవ్. నోట్‌బుక్ చూసి సీరియల్ చదివి, ట్రే టేపు చూసి, ఆ డిస్కే గుంజండి. హాట్ స్వాప్ ట్రేలు ఉన్న సర్వర్ అయితేనే నడుస్తుండంగ గుంజాలె, మామూలు పీసీ అయితే ఆఫ్ చేసి. అలర్ట్ మెసేజ్ ఎన్ని నిమిషాలకు వచ్చింది? ఎండీస్టాట్‌ల అండర్‌స్కోర్ పడిందా? వీడియో ప్లే అవుతుందా? చెక్‌సమ్ మళ్ల తీయండి, ముందుదానితోటి అక్షరం తేడా ఉండొద్దు.

తర్వాత ఆ డిస్క్ సూపర్‌బ్లాక్ (ఏ అర్రేదో రాసి ఉండే గుర్తు) జీరో చేసి కొత్త డిస్క్ లెక్క యాడ్ చేయండి. జీరో ఎందుకంటే బిట్‌మ్యాప్ ఉంటే పాతదాన్ని గుర్తుపట్టి నిమిషంల కలిపేసుకుంటది, మనకు పూర్తి రీబిల్డ్ ఎంతసేపో తెలవాలె. మొదలైన టైం, అయిపోయిన టైం నోట్‌బుక్‌ల రాయండి. ఆఫీసు పని నడుస్తుండంగ చేస్తే లినక్స్ రీబిల్డ్‌ను నెమ్మది చేస్తది, మినిమమ్ స్పీడ్ సెకనుకు 1000 కేబీ మాత్రమే ఉంటది, రాత్రికి దాన్ని 50000 చేసి పొద్దున మళ్ల దించుకోవచ్చు.

టేపు ముచ్చట ఎందుకంటే, ఒకసారి పరకాలల ఒక ఆఫీసుల రెయిడ్ 5ల ఒక డిస్క్ పోయింది, నేను ఫోన్ల "మూడోది తీయండి" అన్న. నేను సున్నా నుంచి లెక్కపెట్టిన, వాళ్లు ఒకటి నుంచి లెక్కపెట్టిన్రు. మంచి డిస్క్ బయటికొచ్చింది. అర్రే అక్కడికక్కడ ఆగిపోయింది. నేను బస్సెక్కి పోయేదాక ఏం ముట్టుకోవద్దన్న, వాళ్లు నిజంగనే ముట్టుకోలేదు కాబట్టి అసెంబుల్ ఫోర్స్‌తోటి, అంటే ఉన్న డిస్కులనే బలవంతంగ మళ్ల కలిపితే, లేచింది. తప్పు నాదే. అప్పటినుంచి ఫోన్ల నంబర్ చెప్పుడు బంద్, "టేపు మీద ఈ నాలుగు అక్షరాలున్నది చదివి వినిపించండి, అప్పుడు తీయండి" అని చెప్త.

11. కరెంటు, వేడి, దుమ్ము

యూపీఎస్‌కు యూఎస్‌బీ కేబుల్ పెట్టి నట్ అనే సాఫ్ట్‌వేర్ వేయండి, బ్యాటరీ తగ్గంగనే సర్వర్ తనంతట తనే ఆఫ్ అవ్వాలె. కేబుల్ లేకపోతే యూపీఎస్ ఏం చేస్తదంటే, పదిహేను నిమిషాలు ఆలస్యంగ కరెంటు పీకుతది, గంతే. ఇంటి ఇన్వర్టర్ మీద సర్వర్ పెట్టకండి, అది మారే సందుల ఒక్కోసారి మిషన్ రీస్టార్ట్ అయితది. రెయిడ్ 5, 6ల సగం రాసినప్పుడు కరెంటు పోతే పారిటీ ఒకటి డేటా ఒకటి అయి కూసుంటది.

మే నెలల మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలే, మూసిన రూంల ఉన్న సర్వర్ల డిస్క్ ఇంకా పైకి పోతది. స్మార్ట్‌ల టెంపరేచర్ 45 దాటకుండ చూసుకోండి, 50 దాటితే ఫ్యాన్ గని ఏసీ గని ఏదో ఒకటి పెట్టాలె. దుమ్ము సంగతి గూడ ఉంది. ఆ మిర్చి దుకాణం సేటు సర్వర్ తెరిచి బ్లోయర్ కొట్టినప్పుడు ముగ్గురం పావుగంట తుమ్మినం, కండ్లల్ల నీళ్లు, ఫ్యాన్ రెక్కల మీద ఎర్రగ పూత. లోపలి ఫ్యాన్ దాదాపు ఆగిపోయింది, డిస్కులు 58 కాడున్నయ్. పత్తి మిల్లుల దగ్గర అయితే దూది పట్టి జల్లెడలు మూసుకపోతయ్. మూడు నెల్లకోసారి ఆఫ్ చేసి, బయటికి తెచ్చి, ఫ్యాన్ రెక్క వేలుతోటి పట్టుకొని బ్లోయర్ కొట్టండి. మాస్క్ పెట్టుకోండి.

ఎక్కువమంది చేసే తప్పులు

అర్రే లేవకపోతే కంగారుల మళ్ల క్రియేట్ కొట్టుడు. కొట్టకండి. అసెంబుల్ వేరు, క్రియేట్ వేరు. డిస్కుల వరస ఒక్కటి తప్పినా, సింక్ మొదలైనా డేటా మీదనే రాసుకుంటా పోతది. ముందు ఎగ్జామిన్ ఆప్షన్‌తోటి ఒక్కో డిస్క్ ఏం చెప్తుందో చదివి దాచుకోండి.

రెయిడ్ కార్డు మార్చినప్పుడు స్క్రీన్ మీద ఫారిన్ కాన్ఫిగరేషన్ అని వస్తది. ఇంపోర్ట్ కొట్టాలె, క్లియర్ కొట్టొద్దు. ఇనిషియలైజ్ అనే బటన్‌కు అసలే చెయ్యి పెట్టొద్దు.

రెండు డిస్కులు ఒకేసారి పోయినయ్ అని కనవడితే డిస్కులను అనుమానించే ముందు కేబుల్ చూడండి. స్మార్ట్‌ల 199 నంబర్ పెరుగుతుంటే అది కేబుల్ లొల్లి, డిస్క్ మంచిదే. రెండిటికీ ఒకే పవర్ స్ప్లిటర్ నుంచి కరెంటు పోతుందా గూడ చూడండి, చవక స్ప్లిటర్ లూజై రెండూ ఒకేసారి పడిపోయిన కేసులు నేనే రెండు చూసిన.

నెలకోసారి మొత్తం చదివి సరిచూసే చెక్ నడుస్తుందా లేదా పట్టించుకోకపోవుడు. డెబియన్, ఉబుంటుల నెల మొదటి ఆదివారం తెల్లారకముందు, శనివారం అర్ధరాత్రి దాటినంక, దానంతట అదే మొదలైతది, కాని రాత్రి ఆఫీసు మెయిన్ ఆఫ్ చేసుకొని పోయేటోళ్లకు ఎప్పుడూ నడవదు. వాళ్లు పగలు టైం పెట్టుకోవాలె. లేకపోతే మూలకున్న ఖరాబు సెక్టర్ రీబిల్డ్ రోజే బయటపడ్తది.

డిస్క్ నిజంగ పోయిన రోజు

ముందు రీబిల్డ్ కాదు, ముందు బ్యాకప్. నిన్నటిది ఉన్నా ఇయ్యాల్టిది తీయండి. తర్వాత సీరియల్ చూసుకోండి, టేపుతోటి కలపండి, గుంజండి, కొత్తది స్మార్ట్ షార్ట్ టెస్ట్ అయినా చేసి పార్టిషన్ వేసి యాడ్ చేయండి. రీబిల్డ్ అయ్యేదాక రీబూట్ కొట్టకండి, అప్‌డేట్లు వేయకండి, వీలైతే ఆ పూట పెద్ద ఎక్స్‌పోర్టులు ఆపించండి. పోయిన డిస్క్‌ను వారంటీకి పంపేటప్పుడు అండ్ల జనాల రిపోర్టులో లెక్కలో ఉంటే, చదవనిస్తే తుడిచి పంపండి, చదవకపోతే పంపుడే మానుకున్నోళ్లు గూడ ఉన్నరు, నేను డయాగ్నస్టిక్ సెంటర్‌కు అదే చెప్పిన. కొత్తదాని నాలుగు అక్షరాలు టేపు మీద రాసి, పాత టేపు పీకి పడేయండి, పాతది మీదనే కొత్తది అంటిస్తే వేడికి పైది ఊడిపోయి పాత నంబర్ బయటపడ్తది.